గాలి సాంద్రతను మార్చి విమాన గమనాన్ని ప్రభావితం చేయవచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

హెచ్‌ఏఎల్, నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్, భారతీయ విజ్ఞాన సంస్థ, ఇస్రో అన్నీ ఒకే ఊళ్లో ఉండటం వల్ల బెంగళూరులోని తెలుగువారిలో విమానశాస్త్రం మీద ఆసక్తి ఉన్నవారు చాలామంది కనిపిస్తారు. మారతహళ్లిలోనో యలహంకలోనో ఉంటూ తలపై నుంచి వెళ్లే విమానాలను రోజూ చూసే ఇంజినీరింగ్ విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అడిగే ప్రశ్నల్లో ఒక కోవకు చెందినవి మళ్లీ మళ్లీ వస్తుంటాయి. రెక్కలనూ ఇంజిన్‌నూ అలాగే ఉంచి, విమానం చుట్టూ ఉన్న గాలినే మార్చేస్తే ఏమవుతుందన్నది వాటి సారాంశం. ఇది ఊహకు మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. గత నూరేళ్లలో అనేకులు దీన్ని గట్టిగా ప్రయత్నించారు, కొందరు ఘనంగా సాధించారు కూడా. ఎక్కడ సాధ్యమయింది, ఎక్కడ కాలేదు, ఎందువల్ల అన్నది లెక్కలతో సహా వివరించడమే ఈ పేజీ ఉద్దేశం.

గాలి సాంద్రత అంటే ఏమిటి? విమానానికి దానితో ఏం పని?

ఒక ఘనపు మీటరు గాలి ఎంత బరువుంటుందో అదే దాని సాంద్రత. సముద్ర మట్టం వద్ద, 15 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో, ప్రామాణిక పీడనంలో ఇది 1.225 కిలోగ్రాములు. రెక్క పుట్టించే పైకెత్తే బలం గాలి సాంద్రతకూ, వేగపు వర్గానికీ, రెక్క వైశాల్యానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. సాంద్రత తగ్గితే అదే బరువును మోయడానికి విమానం మరింత వేగంగా కదలాలి. పైగా ఇంజిన్ పీల్చుకునే గాలి కూడా అదే కాబట్టి తోపుడు బలమూ పడిపోతుంది. అవసరమైన వేగం పెరగడం, ఆ వేగాన్ని అందుకునే శక్తి తగ్గడం ఒకేసారి జరుగుతాయి కనుక, సాంద్రత 10 శాతం తగ్గినప్పుడు రన్‌వే మీద పరుగు 20 శాతమో అంతకు మించో పెరుగుతుంది.

బెంగళూరు చల్లని ఊరు కదా, ఇక్కడి గాలి విజయవాడ గాలి కన్నా దట్టంగా ఉండాలి కదా?

చాలామంది ఇలాగే అనుకుంటారు గాని, లెక్క వేరుగా చెబుతుంది. కెంపెగౌడ అంతర్జాతీయ విమానాశ్రయం సముద్ర మట్టానికి సుమారు 915 మీటర్ల ఎత్తున, అంటే దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉంది. అక్కడి వాతావరణ పీడనం 910 హెక్టోపాస్కల్‌ల దరిదాపుల్లో ఉంటుంది. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో అక్కడి గాలి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1.10 కిలోగ్రాములు. మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండలో గన్నవరం విమానాశ్రయం మీది గాలి సాంద్రత కూడా ఇంచుమించు అంతే. అదే బెంగళూరులో వేసవి మధ్యాహ్నం 35 డిగ్రీలు నమోదైతే సాంద్రత 1.03కు దిగుతుంది. అప్పుడు విమానం, ప్రామాణిక వాతావరణంలో 6,000 అడుగుల ఎత్తున్న కొండ మీది నుంచి బయలుదేరుతున్నట్టే ప్రవర్తిస్తుంది. పైలట్లు దీనినే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు.

బెంగళూరు రన్‌వేలు నాలుగు కిలోమీటర్ల పొడవున ఉండటానికి ఎత్తు కూడా ఒక కారణం. 10,000 అడుగులు దాటిన లేహ్‌లో విమానాల రాకపోకలు ఎక్కువగా ఉదయం పూటే జరుగుతాయి. మధ్యాహ్నానికి గాలి వేడెక్కి పలుచబడటం, కొండగాలులు లేవడం రెండూ అందుకు కారణాలే. మైదాన ప్రాంతాల్లోనూ ఈ ఇబ్బంది తప్పదు. 2017 జూన్‌లో అమెరికాలోని ఫీనిక్స్‌లో ఉష్ణోగ్రత 48 డిగ్రీలు దాటినప్పుడు, ఆ వేడికి అనుమతి లేని చిన్న జెట్ విమానాల సర్వీసులు నలభైకి పైగా రద్దయ్యాయి.

తేమ గాలి బరువైనది కదా? వర్షాకాలంలో విమానం తేలిగ్గా లేస్తుందా?

తేమ గాలి పొడి గాలి కన్నా తేలిక. నీటి ఆవిరి అణుభారం 18, గాలి సగటు అణుభారం 29. ఒకే పీడనంలో, ఒకే ఉష్ణోగ్రతలో ఆవిరి అణువులు నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల స్థానాన్ని ఆక్రమిస్తాయి కాబట్టి మొత్తం బరువు తగ్గుతుంది. 30 డిగ్రీల వద్ద గాలి పూర్తిగా తేమతో నిండినా తగ్గుదల 1.6 శాతానికి మించదు. చెన్నై ఉక్కపోత మనిషికి ఎంత బరువుగా అనిపించినా, విమానానికి అది రెండు శాతం లోపు తేడా మాత్రమే.

రన్‌వే మీది గాలిని చల్లబరిచి దట్టంగా చేస్తే విమానం తక్కువ దూరంలో లేవదా?

ఇది అన్నిటికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న. సూత్రప్రాయంగా ఇందులో తప్పేమీ లేదు గనుక దీనికి పూర్తి లెక్క చూపించడం న్యాయం.

రన్‌వే పొడవు 4 కిలోమీటర్లు, వెడల్పు పక్కల కొంత కలుపుకొని 60 మీటర్లు, మనం చల్లబరచదలచిన గాలి ఎత్తు 100 మీటర్లు అనుకుందాం. ఘనపరిమాణం 2 కోట్ల 40 లక్షల ఘనపు మీటర్లు. బెంగళూరు వేసవి మధ్యాహ్నపు సాంద్రత ప్రకారం ఆ గాలి బరువు సుమారు 25 వేల టన్నులు. గాలికి బరువు లేదన్న భావన మనలో ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, ఈ ఒక్క అంకె దగ్గరే చాలామంది ఆగిపోయి మళ్లీ లెక్క వేసుకుంటారు. ఒక కిలో గాలిని ఒక డిగ్రీ చల్లబరచడానికి వెయ్యి జౌళ్లకు కాస్త పైన ఉష్ణాన్ని తొలగించాలి. మొత్తాన్ని 10 డిగ్రీలు చల్లబరచాలంటే తొలగించవలసిన ఉష్ణం దాదాపు 70 వేల యూనిట్ల విద్యుత్తుకు సమానం. ఇంత చేసినా సాంద్రత పెరిగేది మూడు శాతం చిల్లర మాత్రమే, అంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్‌లో సుమారు 1,200 అడుగుల మేలు.

ఇంతవరకూ ఫరవాలేదు అనిపించవచ్చు. ఒక విమానాశ్రయం ఒక్కసారికి అంత విద్యుత్తు ఖర్చు పెట్టలేకపోదు. అసలు చిక్కు గాలి నిలవకపోవడం. గంటకు 18 కిలోమీటర్ల అడ్డగాలి, అంటే సెకనుకు 5 మీటర్ల మామూలు గాలి, 60 మీటర్ల వెడల్పున్న ఆ చల్లని గాలి దిమ్మెను 12 సెకన్లలో పక్కకు తోసేస్తుంది. చల్లదనాన్ని నిలబెట్టాలంటే ప్రతి 12 సెకన్లకూ 25 వేల టన్నుల కొత్త గాలిని చల్లబరచాలి. అంటే 21 వేల మెగావాట్ల రేటున ఉష్ణాన్ని తొలగించాలి. మంచి శీతలీకరణ యంత్రాలు తాము తొలగించే ఉష్ణంలో మూడో వంతు విద్యుత్తుతో పనిచేస్తాయి అనుకున్నా 7 వేల మెగావాట్లు కావాలి. కర్ణాటకలోని కైగా అణువిద్యుత్ కేంద్రం మొత్తం సామర్థ్యం 880 మెగావాట్లు. అలాంటివి ఎనిమిది ఒక్క రన్‌వేకు కేటాయించాలి. ఆ మూడు శాతం కోసం అంత చేసేకన్నా రన్‌వేను మరికొన్ని వందల మీటర్లు పొడిగించడమో, విమానాన్ని రాత్రివేళకు మార్చడమో ఎంతో సులభం. ప్రపంచమంతా అదే చేస్తోంది.

యంత్రాలకు బదులు నీళ్లు చల్లి చల్లబరిస్తే?

నీరు ఆవిరయ్యేటప్పుడు లాక్కునే ఉష్ణం చాలా ఎక్కువ కాబట్టి ఈ ఆలోచన మొదటిదానికన్నా తెలివైనది. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 24 లక్షల జౌళ్లు కావాలి. పైన చెప్పిన గాలి దిమ్మెను 10 డిగ్రీలు చల్లబరచడానికి ఒక లక్ష లీటర్ల నీరు సరిపోతుంది. అంటే 12 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిదో తొమ్మిదో. అయితే అడ్డగాలి ఇక్కడా అదే పని చేస్తుంది కాబట్టి ప్రతి 12 సెకన్లకూ అన్ని ట్యాంకర్లు కావాలి. 2024 వేసవిలో తాగునీటి ట్యాంకరు కోసం బెంగళూరు పడిన అవస్థ చూసినవారికి ఇంకేమీ వివరించనక్కరలేదు. గాలిలో కలిసిన ఆవిరి తేలికైనది గనుక, చల్లదనం వల్ల సాంద్రతలో వచ్చిన మూడు శాతం చిల్లర పెరుగుదల నుంచి పావు శాతం దాకా అదే మింగేస్తుంది. ఇప్పటికే తేమగా ఉన్న గాలిలో, ఉదాహరణకు చెన్నైలో, ఈ పద్ధతి పది డిగ్రీలు కాదు కదా అందులో సగం చల్లబరచడం కూడా చాలా రోజుల్లో కుదరదు.

రన్‌వే మీది గాలిని నిజంగా ఎవరైనా మార్చారా?

మార్చారు, కాని సాంద్రత కోసం కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ తన బాంబర్ విమానాలు పొగమంచులో దిగలేక కూలిపోతుండటం చూసి, ఫైడో అనే ఏర్పాటును తయారుచేసింది. రన్‌వేకు ఇరువైపులా గొట్టాలు పరచి, వాటి రంధ్రాల నుంచి పెట్రోలును చిమ్మి మండించేవారు. గాలి వేడెక్కి, దానిలోని నీటి తుంపరలు ఆవిరై, రన్‌వే మీద కొంత మేర పొగమంచు విడిపోయేది. ఇది గంటకు సుమారు నాలుగున్నర లక్షల లీటర్ల ఇంధనాన్ని సైతం తాగేది. అంటే 4,000 మెగావాట్ల మంట. దాని వెలుగులో రెండు వేలకు పైగా విమానాలు క్షేమంగా దిగాయి. గాలి కొంచెం వేడెక్కి కొంచెం పలుచబడినా, దిగే విమానానికి అది లెక్కలోకి వచ్చే ఇబ్బంది కాలేదు. కంటికి రన్‌వే కనిపించడమే ప్రాణం నిలిపింది. యుద్ధం కాబట్టి ఆ ఖర్చును భరించారు.

1970లలో ఫ్రాన్స్ పారిస్ విమానాశ్రయాల్లో రన్‌వే పక్కన జెట్ ఇంజిన్లు పాతి, వాటి వేడి గాలితో ఇదే పని చేయించింది. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరు విమానాశ్రయాన్ని పట్టే పొగమంచుకు ఇప్పుడు వాడుతున్నది మంట కాదు. కేటగరీ త్రీ బి స్థాయి రేడియో మార్గదర్శక పరికరాలూ, రన్‌వే దీపాలూ ఉన్నాయి. గాలిని మార్చడం మానేసి పైలట్ చూపును మార్చడమే చవకైన దారి అయింది.

ఎవరైనా దుర్మార్గంగా గాలిని పలుచన చేసి విమానాన్ని పడగొట్టగలరా? సముద్రం నుంచి మీథేన్ వాయువు పొంగి విమానాలు పడిపోతాయంటారు, నిజమేనా?

విమాన ప్రయాణమంటే భయపడే పెద్దవారు ఈ ప్రశ్న అడుగుతారు గనుక స్పష్టంగా చెప్పాలి. ఇలా పడగొట్టడం జరిగే పని కాదు. లేచేటప్పుడో దిగేటప్పుడో విమానం సెకనుకు 70 మీటర్ల వేగంతో వెళుతుంది. 60 మీటర్ల వెడల్పున్న వేడి గాలి స్తంభాన్ని అది ఒక సెకను లోపే దాటేస్తుంది. ఆ స్తంభంలో సాంద్రత ఏకంగా 10 శాతం తగ్గిందనుకుందాం. అందుకు గాలిని చుట్టుపక్కల కన్నా 30 డిగ్రీలకు పైగా వేడి చేయాలి. ఆ సెకనులో పైకెత్తే బలం పదో వంతు తగ్గి, విమానం దిగజారేది సుమారు అర మీటరు. ప్రయాణికులకు అది ఒక కుదుపు మాత్రమే.

మీథేన్ సంగతి కూడా అంతే. మీథేన్ గాలి కన్నా తేలిక అన్నది నిజం. అయితే గాలిలో 5 శాతం మీథేన్ కలిసినా సాంద్రత తగ్గేది 2.2 శాతం, అంటే గాలి ఆరేడు డిగ్రీలు వేడెక్కినంత. బెంగళూరులో ఏప్రిల్ నెల ఉదయానికీ మధ్యాహ్నానికీ మధ్య వచ్చే తేడా అంతకంటే ఎక్కువ. ఆ 5 శాతం దగ్గర మీథేన్ మిశ్రమం మండే స్థితికి వస్తుంది. కాబట్టి అలాంటి మేఘం ఎప్పుడైనా ఏర్పడితే భయపడవలసింది మంటకు, రెక్కల బలం తగ్గుతుందని కాదు. నీటిలో బుడగలు పొంగి పడవను ముంచడం నమూనాలతో చేసిన ప్రయోగాల్లో సాధ్యమయింది. నీటిలో వాయువు కలిస్తే సాంద్రత ఎన్నో వంతులు పడిపోవచ్చు. గాలిలో వాయువు కలిసినప్పుడు అంత పతనం ఉండదు.

మరి సాంద్రత తేడాల వల్ల ప్రకృతిలో విమాన ప్రమాదాలు జరగలేదా?

జరిగాయి, కాని దారి వేరు. ఉరుముల మేఘం నుంచి పడే వర్షపు చినుకులు కింది పొడి గాలిలో ఆవిరవుతూ ఆ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడి బరువెక్కిన గాలి కొన్ని కిలోమీటర్ల ఎత్తు నుంచి కిందికి దూకి, నేలను తాకి నలువైపులా చిమ్ముతుంది. దీన్ని మైక్రోబర్స్ట్ అంటారు. ఇక్కడ సాంద్రత తేడా కొద్ది శాతమే అయినా, చాలా పెద్ద గాలి ముద్ద చాలా దూరం పడటం వల్ల అది బలమైన ఈదురుగాలిగా మారుతుంది. విమానాన్ని దెబ్బతీసేది ఆ గాలి కదలికే. 1985 ఆగస్టు 2న అమెరికాలోని డాలస్ వద్ద డెల్టా 191 విమానం ఇలాంటి దానిలో చిక్కుకొని కూలి 137 మంది మరణించారు. ఆ తరువాతే విమానాల్లోనూ విమానాశ్రయాల్లోనూ ఇలాంటి గాలిమార్పును పసిగట్టే పరికరాలు విస్తృతంగా వచ్చాయి. బెంగళూరులో ఏప్రిల్, మే సాయంత్రాల ఉరుముల వానల సమయంలో విమానాలు గాలిలోనే చక్కర్లు కొట్టడానికీ, చెన్నైకో హైదరాబాదుకో మళ్లడానికీ ఇలాంటి గాలుల భయం ఒక ముఖ్య కారణం.

దీనికి ఎదురు రూపం ఎండకు వేడెక్కిన నేల మీది నుంచి లేచే గాలి. గద్ద రెక్క ఆడించకుండా గంటల తరబడి తిరగడం, గ్లైడర్ ఇంజిన్ లేకుండా ఎక్కడం దాని చలవే. విద్యుత్ కేంద్రాల పొగగొట్టాల మీది వేడి గాలి కుదుపులు కలిగిస్తుందని చిన్న విమానాల పైలట్లను అమెరికా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ హెచ్చరిస్తుంది.

పెద్ద శబ్దంతో గాలి సాంద్రతను మార్చవచ్చా?

శబ్దమంటేనే సాంద్రత హెచ్చుతగ్గుల తరంగం. కాని చెవులు నొప్పి పుట్టే 120 డెసిబెల్‌ల శబ్దంలో కూడా ఆ హెచ్చుతగ్గు సుమారు 0.02 శాతం. పైగా అది సెకనుకు వందల సార్లు పెరిగి తగ్గుతుంది కనుక సగటున రెక్కకు ఏమీ మిగలదు.

అయితే ఈ ఆలోచన ఎక్కడ ఫలించింది?

బయటి ఆకాశాన్ని వదిలేసి, విమానానికి అవసరమైన కొద్దిపాటి గాలిని మాత్రమే పట్టుకున్న ప్రతి చోటా ఫలించింది. అన్నిటికన్నా గొప్ప విజయం ఇంజిన్ లోపల జరిగింది.

1918లో అమెరికన్ ఇంజినీరు శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజిన్‌ను లారీ మీద పెట్టి, కొలరాడోలోని 14,109 అడుగుల పైక్స్ పీక్ శిఖరానికి తీసుకెళ్లాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజిన్ శిఖరం మీద పలుచని గాలిలో 230 మాత్రమే ఇచ్చింది. దాని పొగ వేగంతోనే తిరిగే కంప్రెసర్‌ను తగిలించి, లోపలికి వెళ్లే గాలిని నొక్కి దట్టంగా చేయగానే 350 దాటింది. శిఖరం మీది గాలిలో ఏ మార్పూ లేదు. సిలిండర్‌లోకి వెళ్లే కొన్ని లీటర్ల గాలి మాత్రమే మారింది. టర్బోచార్జర్ విమానయానంలో నిలబడటానికి ఆ పరీక్ష పునాది వేసింది. ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా అందమైన ప్రయోగం ఇదేనని నా అభిప్రాయం.

నీటిని చల్లడం కూడా ఇక్కడే పనికొచ్చింది. తొలితరం జెట్ ఇంజిన్ల కంప్రెసర్‌లోకి నీటిని చిమ్మితే లోపలి గాలి చల్లబడి, దట్టమై, ఎక్కువ గాలి లోనికి పోయేది. తొలి బి-52 బాంబర్లు వేడి రోజుల్లో ఇలాగే లేచేవి. కాన్పూరులో హెచ్‌ఏఎల్ తయారుచేసిన ఆవ్రో 748 విమానపు డార్ట్ ఇంజిన్లలో నీరు, మెథనాల్ కలిపి చిమ్మే ఏర్పాటు ఉండేది. మన నౌకాదళం 2016 దాకా నడిపిన సీ హారియర్‌లో కూడా నీటి ట్యాంకు ఉండేది గాని, దాని ముఖ్య ప్రయోజనం టర్బైన్‌ను చల్లబరచడం కాబట్టి దాన్ని ఈ కోవలో చేర్చడం సరికాదు.

ఈ దారిలో మరీ సాహసమైన ప్రయత్నం బ్రిటన్‌కు చెందిన రియాక్షన్ ఇంజిన్స్ సంస్థది. ధ్వనికి ఐదు రెట్ల వేగంలో ఇంజిన్‌లోకి దూసుకొచ్చే గాలి దాదాపు వెయ్యి డిగ్రీలకు వేడెక్కుతుంది. దాన్ని సెకనులో ఇరవయ్యో వంతు కాలంలో చల్లబరిచే సన్నని గొట్టాల శీతలకారిణిని వారు తయారుచేసి, 2019లో నేల మీద పరీక్షించి చూపించారు. సంస్థ మాత్రం డబ్బు సమకూరక 2024లో మూతపడింది.

విమానం ముక్కు ముందున్న గాలిని పలుచన చేసి నిరోధాన్ని తగ్గించవచ్చా?

ధ్వని వేగాన్ని మించినప్పుడు వచ్చే లాభం నిజంగా పెద్దది. ఆ వేగంలో మొద్దు ముక్కు ముందు ఆఘాత తరంగం (షాక్ వేవ్), అంటే గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయే పొర ఏర్పడి విపరీతమైన నిరోధం కలిగిస్తుంది. ఆ తరంగానికి ముందే గాలిని ఒక సన్నని గీత వెంట వేడి చేస్తే, పలుచబడిన ఆ దారిలో తరంగం చెదిరిపోయి, మొద్దు ముక్కు కూడా సూది ముక్కులా ప్రవర్తిస్తుంది. లేజర్, మైక్రోవేవ్, ప్లాస్మా జ్వాల అన్నిటితోనూ దీన్ని ప్రయోగశాలల్లో పరీక్షించారు. యంత్రరూపంలో ఇదే పని చేసే పొడవాటి కడ్డీ అమెరికా నౌకాదళపు ట్రైడెంట్ క్షిపణుల ముక్కు నుంచి ప్రయోగించిన వెంటనే బయటికి సాగుతుంది. అది నిరోధాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది.

బెంగళూరు పాఠకులు గర్వించదగిన భాగం ఒకటుంది. భారతీయ విజ్ఞాన సంస్థలోని హైపర్‌సోనిక్ షాక్ టన్నెళ్లలో, మొద్దు శంకువు ముక్కుకు క్రోమియం పూత పూసి, ధ్వనికి ఎనిమిది రెట్ల వేగపు ప్రవాహంలో పరీక్షించారు. ఆ వేడికి పూత ఆవిరై, ఆక్సిజన్‌తో కలిసి మండి, ముక్కు ముందరి పొరలోకి ఉష్ణాన్ని విడుదల చేసింది. నిరోధం 47 శాతం వరకూ తగ్గిందని 2008లో ప్రచురించారు. లేజర్ యంత్రం, విద్యుత్ సరఫరా ఏవీ మోయనక్కరలేదు, పూతే ఇంధనం.

మామూలు ప్రయాణికుల విమానానికి ఇది వర్తించదు. ధ్వని వేగానికి తక్కువలో ఆఘాత తరంగపు నిరోధం అంతగా ఉండదు కాబట్టి, గాలిని వేడి చేయడానికి పెట్టే శక్తి తిరిగి రాదు.

రెక్క ఉపరితలాన్ని వేడి చేస్తేనో చల్లబరిస్తేనో?

రెక్కను అంటుకొని ఉండే పలుచని గాలి పొర చల్లగా ఉన్నంతసేపు నునుపుగా పారుతుంది, వేడెక్కితే త్వరగా సుళ్లు తిరుగుతుంది. అందుకే ద్రవ హైడ్రోజన్‌తో నడిచే విమానాల గురించి ఆలోచించినవారు, ఆ అతిశీతల ఇంధనంతో రెక్క చర్మాన్ని చల్లబరిచి నిరోధాన్ని తగ్గించవచ్చని సూచించారు. ఇది ఇంకా కాగితం మీదే ఉంది.

విమానం తానే గాలి సాంద్రతను మారుస్తుందా?

మారుస్తుంది, బయటి నుంచి మనం చేయగలిగిన దానికన్నా ఎంతో ఎక్కువగా మారుస్తుంది. ధ్వని వేగంలో 0.3 వంతు వేగం వద్ద ముక్కు కొనన గాలి నాలుగున్నర శాతం దట్టమవుతుంది. పెద్ద విమానాలు ప్రయాణించే 0.85 వంతు వేగంలో ఆ పెరుగుదల 40 శాతం. ధ్వనికి రెండు రెట్ల వేగంలో నిటారు ఆఘాత తరంగాన్ని దాటిన గాలి రెండున్నర రెట్లకు పైగా దట్టమవుతుంది. రెక్క పైభాగాన దీనికి వ్యతిరేకంగా గాలి పలుచబడి చల్లబడుతుంది. యలహంకలో ఏరో ఇండియా ప్రదర్శనల్లో, తేమ ఎక్కువగా ఉన్న ఉదయాల్లో, యుద్ధవిమానం గట్టిగా మలుపు తిరిగినప్పుడు రెక్కల మీద తెల్లని మబ్బు తెర మెరిసి మాయమవడం చాలామంది చూసి ఉంటారు. ఆ చల్లదనంలో ఆవిరి తుంపరలుగా మారడమే అది.

గాలిని వదిలేసి, విమానమే తన సాంద్రతను మార్చుకుంటే?

ఇది ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ఆశ కలిగించే దారి. 1863లో న్యూజెర్సీకి చెందిన సోలమన్ ఆండ్రూస్ అనే వైద్యుడు ఇంజిన్ లేని గాలినావను ఎగరేశాడు. వాయువు తేలికదనంతో ఏటవాలుగా పైకి లేచి, వాయువు వదిలి బరువెక్కి ఏటవాలుగా దిగి, ఆ రెండు కదలికలనే ముందుకు సాగే గమనంగా మలిచాడు. 2019లో బ్రిటన్‌లో ఫీనిక్స్ అనే మానవరహిత విమానం ఇదే సూత్రంతో ఒక పెద్ద షెడ్డు లోపల ఎగిరింది. 15 మీటర్ల పొడవున్న ఆ హీలియం దేహం లోపల ఒక సంచి ఉంటుంది. పంపు దానిలోకి బయటి గాలిని నొక్కి నింపితే విమానం బరువెక్కి జారుతుంది, వదిలేస్తే తేలికై లేస్తుంది. ఇరవై కిలోమీటర్ల ఎత్తున, భూమ్మీది సాంద్రతలో ఏడు శాతమే ఉన్నచోట నెలల తరబడి నిలిచే వాహనాల మీద ప్రపంచమంతా పని జరుగుతోంది. నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ కూడా రెక్కలున్న అలాంటి సౌర విమానపు చిన్న నమూనాను 2024లో చిత్రదుర్గ జిల్లా చళ్లకెరెలో ఎగరేసింది.

సాంద్రతను ఉద్దేశపూర్వకంగా మార్చే ప్రయోగశాలలు ఉన్నాయా?

విండ్ టన్నెళ్లలో ఇది నిత్యకృత్యం. చిన్న నమూనా మీద గాలి పెద్ద విమానం మీద ప్రవర్తించినట్టే ప్రవర్తించాలంటే గాలిని దట్టం చేయాలి. 1920ల మొదట్లో అమెరికాలోని లాంగ్లీలో మాక్స్ మంక్ ఆలోచన మేరకు 20 వాతావరణాల పీడనాన్ని తట్టుకునే ఉక్కు టన్నెల్ కట్టారు. తరువాత అక్కడే మైనస్ 157 డిగ్రీల దాకా చల్లబరిచిన నైట్రోజన్‌తో నడిచే టన్నెల్ వచ్చింది. రెక్కల కంపనాలను పరీక్షించే మరో టన్నెల్‌లో గాలికి బదులు ఫ్రిజ్‌లలో వాడే బరువైన వాయువును నింపుతారు. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్‌లో ఉన్న 1.2 మీటర్ల ట్రైసోనిక్ టన్నెల్ నిల్వచేసిన అధిక పీడనపు గాలిని వదిలి పనిచేస్తుంది. తేజస్ నమూనాలకూ ఇస్రో రాకెట్ల నమూనాలకూ పరీక్షలు జరిగింది అక్కడే.

దీనికి ఎదురు ఉదాహరణ ఇంజెన్యుయిటీ. అంగారకుడి మీది గాలి మన గాలిలో ఒక శాతం సాంద్రత మాత్రమే కలిగి ఉంటుంది. 1.8 కిలోల ఆ చిన్న హెలికాప్టర్‌ను పంపేముందు, కాలిఫోర్నియాలో ఒక పెద్ద గదిలోని గాలిని తోడేసి, పలుచగా కార్బన్ డయాక్సైడ్ నింపి ఎగరేశారు. 2021 ఏప్రిల్ 19న అది అంగారకుడి మీద లేచింది. రెక్కలు నిమిషానికి 2,500 సార్లకు పైగా తిరగవలసి వచ్చింది. మొత్తం 72 సార్లు ఎగిరింది.

సాంద్రత ప్రభావాన్ని విద్యార్థులు స్వయంగా కొలిచి చూడవచ్చా?

చూడవచ్చు, ఏదీ ఎగరేయనక్కరలేదు. కెంపెగౌడ, హెచ్‌ఏఎల్, యలహంక, జక్కూరు విమానక్షేత్రాల వల్ల బెంగళూరులో చాలా ప్రాంతాల్లో డ్రోన్‌కు ముందస్తు అనుమతి కావాలి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం ఏర్పాటైన డిజిటల్ స్కై పటంలో ఆ హద్దులు కనిపిస్తాయి. విమానాశ్రయాల పరిసరాల్లో విమానాల వైపు లేజర్ వేయడం, పెద్ద మంటలు పెట్టడం నేరం. ఆ జోలికి ఏ ప్రయోగం పేరుతోనూ పోకూడదు.

సురక్షితమైన పద్ధతి ఇది. చిన్న మోటారు, ప్రొపెల్లర్‌లను గట్టి పీఠానికి బిగించి, గాలి పైకి వెళ్లేలా అమర్చి, వంటింటి డిజిటల్ తూకం మీద పెట్టాలి. చుట్టూ వల కట్టడం, కళ్లద్దాలు పెట్టుకోవడం తప్పనిసరి. తిరిగే వేగాన్ని కొలిచే టాకోమీటర్‌తో చూస్తూ ప్రతిసారీ ఒకే వేగంలో తిప్పి, తూకం ఎంత పెరిగిందో రాసుకోవాలి. ఒకే వేగంలో ప్రొపెల్లర్ బలం గాలి సాంద్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. 30 డిగ్రీల వద్ద చెన్నైలో సాంద్రత సుమారు 1.16, బెంగళూరులో 1.05 కాబట్టి, చెన్నైలో ఉన్న బంధువుల ఇంట్లో వచ్చిన అంకె కన్నా ఇక్కడి అంకె దాదాపు 10 శాతం తగ్గాలి. లెక్క కట్టేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఫోనులోని వాతావరణ యాప్ బెంగళూరుకు చూపించే 1010 హెక్టోపాస్కల్‌ల వంటి పీడనం సముద్ర మట్టానికి సరిచేసి చూపినది. దాన్ని వాడితే రెండు ఊళ్ల గాలీ ఒకటేనని తేలుతుంది. ఫోనులోనే పీడన సెన్సర్ ఉంటే అది చూపే 910 దరిదాపుల అంకెను, గదిలోని ఉష్ణోగ్రతను కెల్విన్‌లలోకి మార్చి, పీడనాన్ని ఆ ఉష్ణోగ్రతతో భాగించి, రెండు ఊళ్ల ఫలితాలనూ పోల్చాలి.